ఒక్కటీ ఓడని సీజన్ లోగుట్టు: ప్రెస్టన్ నార్త్ ఎండ్, 1888–89

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ తొలి సీజన్ పట్టికలో పై వరస ఇది: ప్రెస్టన్ నార్త్ ఎండ్, ఆడినవి 22, గెలిచినవి 18, డ్రా 4, ఓడినవి 0. కొట్టిన గోల్స్ 74, ఇచ్చినవి 15, పాయింట్లు 40. రెండో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లాకు వచ్చినవి 29. అదే ఏడాది ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్పును కూడా ప్రెస్టనే ఎత్తుకుపోయింది, అదీ కప్పు మొత్తంలో ఒక్క గోల్ ఇవ్వకుండా. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో ఓటమి ఎరగని సీజన్ మళ్లీ చూడాలంటే 2003–04లో ఆర్సెనల్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ అంకెలు చాలామంది ఫుట్‌బాల్ అభిమానులకు కంఠతా వచ్చు. అయితే ఇవాళ్టి ఆటను మనసులో పెట్టుకుని వాటిని చూస్తే సగమే అర్థమవుతాయి. ఆ సీజన్ సగం దాటేదాకా గెలుపుకు ఎన్ని పాయింట్లో ఎవరికీ తెలియదు. గోల్‌పోస్టుల వెనక వల లేదు. పెనాల్టీ కిక్ ఇంకా పుట్టలేదు. రిఫరీ గీత అవతల నిలబడి, ఎవరైనా అడిగితేనే తీర్పు చెప్పేవాడు. ప్రెస్టన్ ఎందుకు ఓడలేదో తెలియాలంటే ముందు ఆ ఆట ఎలా నడిచేదో, ఆ జట్టు ఎవరి డబ్బుతో తయారైందో చూడాలి. జట్టు లీగ్ కంటే ముందే తయారై కూర్చుంది. దానికి అప్పటిదాకా దొరకనిది ఒక్కటే: ఖాయంగా ఆడుకునే తేదీలు. లీగ్ ఇచ్చింది అదే.

మిల్లుల ఊరు, శనివారం మధ్యాహ్నం

ప్రెస్టన్ ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లాంకషైర్ జిల్లాలో నూలు మిల్లుల ఊరు. మన ఇళ్లలో పాతతరం వాళ్లు తెల్లటి నూలు గుడ్డను లాంగ్‌క్లాత్ అనేవారు. ఆ లాంగ్‌క్లాత్‌కు పేరుమోసిన హారాక్సెస్ మిల్లులు ఈ ఊళ్లోవే. అలాంటి ఊళ్లలో ఫుట్‌బాల్ ఇంతగా పాతుకుపోవడానికి ఒక చట్టం కారణం. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకీ చిన్నవాళ్లకీ శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా పని ఆపించింది. 1874లో ఆ గంట ఇంకా ముందుకు జరిగింది. వాళ్లు లేకపోతే మగ్గాలు నడవవు కాబట్టి మగవాళ్లకూ ఆ పూట సెలవే అయింది. చేతిలో వారం కూలి, ముందు ఒక మధ్యాహ్నం. ఫుట్‌బాల్ ప్రేక్షకులు పుట్టింది అక్కడే.

క్లబ్బు మాత్రం క్రికెట్‌తో మొదలైంది. డీప్‌డేల్ అన్న చోట పొలం కౌలుకు తీసుకుని, చలికాలంలో వేరే ఆటలు ప్రయత్నించి, చివరికి ఫుట్‌బాల్ పట్టుకుంది. 1881లో పక్క ఊరి బ్లాక్‌బర్న్ రోవర్స్ వచ్చి ఇదే ప్రెస్టన్‌ను 16–0తో ఓడించి వెళ్లింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఆ క్లబ్బు లీగ్‌లో ఓటమి లేకుండా నిలిచిందంటే, మధ్యలో ఏదో పెద్ద మార్పు జరిగి ఉండాలి.

ఆ మార్పు పేరు విలియం సడెల్. ఊళ్లో ఒక నూలు మిల్లుకు మేనేజరు, స్వచ్ఛంద సైనిక దళంలో మేజరు, క్లబ్బుకు సర్వాధికారి. స్థానిక కుర్రాళ్లతో బ్లాక్‌బర్న్‌ను అందుకోలేమని ఆయనకు తెలిసిపోయింది. స్కాట్లండ్‌లో అప్పటికే పాస్‌ల మీద నడిచే ఆట ముదిరింది. ఇంగ్లండ్ వాళ్లు బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒక్కడే దూసుకుపోవడాన్ని ఆటగా భావిస్తుంటే, స్కాట్లండ్ వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి బంతిని చేతులు మార్చినంత సులువుగా కాళ్లు మార్చేవారు. సడెల్ వాళ్లను పిలిపించాడు. 1883లో ఎడిన్‌బరో క్లబ్బు హార్ట్స్ నుంచి నిక్ రాస్ వచ్చాడు. తర్వాత అతని తమ్ముడు జిమ్మీ రాస్, జార్జ్ డ్రమండ్, డేవిడ్ రసెల్, జాన్ గ్రహం, జాక్ గోర్డన్, శామ్ థామ్సన్ ఒక్కొక్కరే చేరారు. లండన్‌లో పుట్టి స్కాట్లండ్‌లో పెరిగిన జాన్ గుడాల్ లాంకషైర్‌లోనే మరో క్లబ్బు నుంచి వచ్చాడు.

అప్పటి నియమాల ప్రకారం ఆటగాడికి డబ్బివ్వడం నేరం. అందుకని వచ్చినవాళ్లకు ఊళ్లో ఉద్యోగాలు చూపించేవారు. పేరుకు పని, అసలు పని ఫుట్‌బాల్. 1884 జనవరిలో ఎఫ్‌ఏ కప్పులో లండన్ జట్టు అప్టన్ పార్క్ దీని మీద ఫిర్యాదు చేసింది. మామూలుగా ఎవరైనా కాదని బుకాయిస్తారు. సడెల్ ఒప్పుకున్నాడు. బయటి నుంచి ఆటగాళ్లను తెచ్చి ఉద్యోగాలు ఇప్పించామనీ, అందరూ చేస్తున్నదే ఇదనీ చెప్పాడు. ప్రెస్టన్‌ను కప్పు నుంచి తీసేశారు. ఆ అక్టోబర్‌లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరే సంఘం పెట్టుకుంటామని బెదిరించాయి. చివరికి 1885 జులై 20న ఫుట్‌బాల్ అసోసియేషన్ దిగివచ్చి డబ్బు తీసుకుని ఆడటాన్ని చట్టబద్ధం చేసింది. ఈ సీజన్ కథలో అసలు మలుపు ఈ తేదీయేనని మా నమ్మకం. లీగ్ దీనికి పర్యవసానం.

జీతం ప్రతివారం, మ్యాచ్ ఎప్పుడో

జీతాలు చట్టబద్ధమయ్యాక ఒక కొత్త తలనొప్పి మొదలైంది. ఆటగాళ్లకు ప్రతి వారం జీతం పడాలి. ఆదాయమంతా గేటు దగ్గర వసూలయ్యేదే. గేటు తెరవాలంటే మ్యాచ్ ఉండాలి. అప్పటి క్యాలెండర్‌లో కప్పు మ్యాచ్‌లదే పైచెయ్యి: ఎఫ్‌ఏ కప్పు, జిల్లా కప్పు, ఊరి కప్పు. మిగతా శనివారాలన్నీ కార్యదర్శులు ఉత్తరాలు రాసుకుని కుదుర్చుకున్న స్నేహపూర్వక మ్యాచ్‌లు. కప్పులో ఏ మ్యాచో డ్రా అయి మళ్లీ ఆడాల్సి వస్తే, ఆ శనివారానికి కుదిరిన స్నేహపూర్వక మ్యాచ్ గాల్లో కలిసిపోయేది. వస్తానన్న జట్టు సగం మంది రెండో శ్రేణి ఆటగాళ్లతో దిగేది, లేదా గంట ఆలస్యంగా దిగేది. కప్పు మొదటి రౌండులోనే పోతే ఆ క్లబ్బుకు మిగతా చలికాలమంతా చెప్పుకోదగ్గ మ్యాచే ఉండదు. బలహీనమైన జట్టు వస్తే ఇంకో గోల. 1887 అక్టోబర్‌లో ప్రెస్టన్ ఎఫ్‌ఏ కప్పులో హైడ్ అనే జట్టును 26–0తో ఓడించింది. రికార్డుగా అది ఇప్పటికీ నిలిచి ఉంది, కానీ వారం వారం టికెట్ కొని చూడటానికి అలాంటి మ్యాచ్‌లకు ఎవరొస్తారు?

విలియం మెక్‌గ్రెగర్ దీనికి మందు కనిపెట్టాడు. స్కాట్లండ్ నుంచి వచ్చి బర్మింగ్‌హామ్‌లో బట్టల దుకాణం నడుపుకునే ఆయన ఆస్టన్ విల్లా కమిటీలో ఉండేవాడు. 1888 మార్చి 2న బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్ వాండరర్స్, ప్రెస్టన్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ క్లబ్బులకు ఉత్తరం రాశాడు: ముఖ్యమైన పది పన్నెండు క్లబ్బులు కలిసి, ఏటా ఒకరితో ఒకరు సొంత మైదానంలో ఒకటి, బయట ఒకటి ఆడేలా ఒప్పందం చేసుకుందామని. మార్చి 23న లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఆండర్టన్స్ హోటల్లో మొదటి సమావేశం జరిగింది. మర్నాడు ఎఫ్‌ఏ కప్పు ఫైనల్ ఉంది కాబట్టి అందరూ ఎలాగూ ఊళ్లోనే ఉంటారు. ఆ ఫైనల్లో ప్రెస్టన్ వెస్ట్ బ్రామ్‌విచ్ చేతిలో 2–1తో ఓడింది. ఏప్రిల్ 17న మాంచెస్టర్‌లోని రాయల్ హోటల్లో సంఘం ఖరారైంది. మెక్‌గ్రెగర్‌కు లీగ్ అన్న మాట నచ్చలేదు. ఆ రోజుల్లో ఐర్లండ్ రాజకీయాల వల్ల ఆ మాటకు వేరే వాసన ఉండేది. సడెల్ సూచించిన ఫుట్‌బాల్ లీగ్ అన్న పేరే నిలిచింది. మెక్‌గ్రెగర్ అధ్యక్షుడు, స్టోక్ క్లబ్బు హ్యారీ లాకెట్ కార్యదర్శి, సడెల్ కోశాధికారి.

పన్నెండు క్లబ్బులే ఎందుకు? కప్పు పోటీలకు వదిలెయ్యాల్సిన శనివారాలు తీసేస్తే లీగ్‌కు మిగిలిన తేదీలు 22. ప్రతి జట్టూ మిగతా వాటితో రెండేసి మ్యాచ్‌లు ఆడాలంటే 11 మంది ప్రత్యర్థులకు మించి కుదరదు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్, షెఫీల్డ్ వెడ్నెస్‌డే, హాలివెల్ తలుపు తట్టినా చోటు దొరకలేదు. లాంకషైర్ వైపు నుంచి ఆరు: అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్ వాండరర్స్, బర్న్‌లీ, ఎవర్టన్, ప్రెస్టన్. ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్ వైపు నుంచి ఆరు: ఆస్టన్ విల్లా, డర్బీ కౌంటీ, నాట్స్ కౌంటీ, స్టోక్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్, వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్. లండన్ నుంచి ఒక్కటీ లేదు. ఈ సగం–సగం విభజన గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ మైదానంలో ఆట ఎలా ఉండేది

గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అందరికన్నా ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు. దెబ్బ తగిలితే దిగడానికి బదులు ఆటగాడు లేడు, పది మందితోనే పూర్తి చెయ్యాలి. చొక్కా మీద నంబరు ఉండదు. తోలు బంతి తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. లాంకషైర్ చలికాలంలో తడవని రోజు అరుదు. గోల్‌కీపర్ తన సగంలో ఎక్కడైనా బంతిని చేత్తో ముట్టుకోవచ్చు. దానికి బదులుగా అతన్ని భుజంతో గుద్ది గోల్లోకి నెట్టినా చెల్లేది.

అన్నిటికన్నా ముఖ్యం ఆఫ్‌సైడ్ నియమం, అంటే బంతి కంటే ముందుకెళ్లి ప్రత్యర్థి గోల్ దగ్గర కాచుకున్నవాడు పాస్ అందుకోకుండా ఆపే నియమం. ఇవాళ బంతి అందుకునేవాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు ఇద్దరుంటే చాలు. అప్పుడు ముగ్గురుండాలి. గోల్‌కీపర్ ఒకడు, ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరు, లెక్క సరిపోయింది. ఆ ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లలో ఒకడు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడితే చాలు, అతన్ని దాటి నిలబడ్డ ఫార్వర్డ్‌లందరూ ఆఫ్‌సైడే. అందుకని వెనక నుంచి బంతిని ముందుకు విసిరికొట్టి పరుగెత్తడం పెద్దగా ఫలించేది కాదు. మిగిలిన దార్లు రెండు. ఒకటి, బంతితో ఒక్కడే చొచ్చుకుపోవడం. ఇంగ్లండ్ వాళ్ల పాత పద్ధతి ఇదే. ఎదురుగా ఇద్దరు మీద పడితే అక్కడితో సరి. రెండోది, బంతి ఎప్పుడూ అందుకునేవాడికి కాస్త ముందుండేలా, పక్కకీ వెనక్కీ చిన్న చిన్న పాస్‌లతో త్రికోణాలు అల్లుకుంటూ పోవడం. బంతి కంటే వెనకున్నవాడు ఆఫ్‌సైడ్ కాడు కదా. కుడి అంచున గోర్డన్, అతని పక్కన జిమ్మీ రాస్, వాళ్ల వెనక హాఫ్‌బ్యాక్ డ్రమండ్. ఈ ముగ్గురి మధ్య బంతి తిరుగుతుంటే అడ్డుకునే ఫుల్‌బ్యాక్ ఒకరి మీదికి వెళ్లినప్పుడు ఇంకొకరు ఖాళీ అవుతారు. ముగ్గురి ఆఫ్‌సైడ్ నియమం కింద పాస్‌లు తెలిసిన జట్టుకు అంత లాభం ఉండేది. ఏళ్ల తరబడి కలిసి ఆడితే గానీ ఆ అల్లిక కుదరదు. సడెల్ దగ్గర ఆ ఏళ్లు ఉన్నాయి.

తీర్పుల సంగతి మనకు క్రికెట్ ద్వారా తేలిగ్గా అర్థమవుతుంది. రెండు జట్ల తరఫునా ఒక్కో అంపైర్ మైదానంలో ఉండేవాడు. అప్పీల్ చేస్తేనే వాళ్లు తీర్పు చెప్పేవారు. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే గీత బయట ఉన్న రిఫరీని అడిగేవారు. ఎవరి జట్టు అంపైర్ వాళ్ల వైపు మొగ్గడం సహజం కాబట్టి చాలా తగవులు రిఫరీ దాకా వెళ్లేవి. వల లేకపోవడం దీనికి తోడు. గట్టిగా కొట్టిన బంతి పోస్టు లోపల నుంచి పోయిందా, పక్క నుంచి పోయిందా అన్నదే తగవయ్యేది. రిఫరీని మైదానంలోకి తెచ్చి అంపైర్లను గీత మీదికి పంపడం, పెనాల్టీ కిక్, రెండూ 1891లో వచ్చాయి.

వెలుతురు ఇంకో సమస్య. దీపాలు లేవు. డిసెంబర్ చివర్లో ప్రెస్టన్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు వాలుతుంది. మధ్యాహ్నం దాకా మిల్లు పని, ఆ తర్వాత మైదానం చేరాలి, తొంభై నిమిషాల ఆట, మధ్యలో విరామం. ఎదుటి జట్టు రైలు అరగంట ఆలస్యమైతే చివరి పది నిమిషాలు బంతి కనపడకుండానే ఆడాలి.

శనివారం వెంట శనివారం

1888 సెప్టెంబర్ 8న లీగ్ మొదలైంది. అన్ని మ్యాచ్‌లూ ఒకే గంటకు మొదలుకాలేదు. లీగ్ మొట్టమొదటి గోల్ విల్లా ఆటగాడు గెర్షమ్ కాక్స్ పొరపాటున సొంత గోల్లోకి కొట్టుకున్నదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పరిశోధకులు ఒక్కో మ్యాచ్ మొదలైన సమయాన్ని పాత పత్రికల్లో వెతికి, బోల్టన్ ఆటగాడు కెన్నీ డావెన్‌పోర్ట్ 3 గంటల 47 నిమిషాలకు కొట్టిందే మొదటిదని తేల్చారు. ఆ రోజు ప్రెస్టన్ డీప్‌డేల్‌లో బర్న్‌లీని 5–2తో ఓడించింది.

తర్వాత వుల్వర్‌హాంప్టన్‌లో 4–0, బోల్టన్ మీద 3–1, డర్బీలో 3–2, స్టోక్ మీద 7–0, వెస్ట్ బ్రామ్‌విచ్ మీద 3–0. మొదటి ఆరూ గెలుపే. 25 గోల్స్ కొట్టి 5 ఇచ్చారు. స్టోక్ మ్యాచ్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అక్టోబర్ 6న స్టోక్ ఇద్దరు తక్కువై వచ్చింది. ఆట ఆగిపోకుండా ప్రెస్టన్ తన రిజర్వు ఆటగాళ్లను ఇద్దరిని వాళ్లకు అరువిచ్చింది. జిమ్మీ రాస్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. పూర్తి బలంతో రావాలన్నదే లీగ్ మూల సూత్రమైనా, నెల తిరక్కుండానే అది ఇలా తప్పింది. ఒప్పందం కాగితం మీద కుదిరినంత తేలిగ్గా మైదానంలో కుదరలేదు.

అక్టోబర్ 20న అక్రింగ్టన్‌లో 0–0. ఆ సీజన్ మొత్తంలో ప్రెస్టన్ గోల్ కొట్టలేకపోయిన లీగ్ మ్యాచ్ అదొక్కటే. తర్వాత వుల్వర్‌హాంప్టన్ మీద 5–2, నాట్స్ కౌంటీ మైదానంలో 7–0. నవంబర్ 10న విల్లా డీప్‌డేల్‌కు వచ్చి 1–1తో బయటపడింది. డీప్‌డేల్ నుంచి ఆ ఏడాది లీగ్‌లో పాయింటు పట్టుకుపోయిన జట్టు మరొకటి లేదు. సోమవారం నాడు, అంటే ఒక్కరోజు తేడాతో, స్టోక్ వెళ్లి 3–0తో గెలిచారు. అదే నెలలో అక్రింగ్టన్ మీద 2–0, బోల్టన్‌లో 5–2. డిసెంబర్‌లో డర్బీ మీద 5–0, బర్న్‌లీలో 2–2, ఎవర్టన్ మీద 3–0, క్రిస్మస్ మర్నాడు వెస్ట్ బ్రామ్‌విచ్‌లో 5–0, ఏడాది చివర బ్లాక్‌బర్న్ మీద చెమటోడ్చి 1–0. జనవరి 5న నాట్స్ కౌంటీని 4–1తో ఓడించేసరికి ఇంకా మూడు మ్యాచ్‌లుండగానే పట్టికలో మొదటి స్థానం ఖాయమైంది. ఆ మూడూ బ్లాక్‌బర్న్‌లో 2–2, ఎవర్టన్‌లో 2–0, ఫిబ్రవరి 9న విల్లా మైదానంలో 2–0.

ఎవర్టన్ మ్యాచ్‌ల్లో అవతలి జట్టులో నిక్ రాస్ ఉన్నాడు. ప్రెస్టన్‌ను పైకి తెచ్చిన నాయకుడు సరిగ్గా ఆ ఒక్క సీజన్‌కే ఎవర్టన్ వెళ్లి, మర్నాటి ఏడు తిరిగొచ్చాడు. ఓటమి లేని సీజన్, కప్పు రెండూ అతను లేనప్పుడే వచ్చాయి. జిమ్మీ ఒకవైపు, అన్న ఇంకోవైపు. ఈ సీజన్‌లో మా మనసును ఎక్కువగా పట్టి ఉంచేది ఇదే.

లీగ్‌లో ఎక్కువ గోల్స్ జాన్ గుడాల్‌వి. ఒక లెక్కలో 20, ఇంకో లెక్కలో 21. గోల్ ముందు పది మంది గుంపుగా కలబడితే బంతిని చివరికి ఎవరు తోశారో విలేఖరికి కనపడేది కాదు. చొక్కాలకు నంబర్లూ లేవు. అందుకే ఆ కాలపు గోల్స్ లెక్కల్లో ఒకటీ అరా తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

పొరుగూరి జట్లే గట్టివి

ఈ 22 ఫలితాలను వరసగా చదివితే గెలుపులే కనిపిస్తాయి. లాంకషైర్ ప్రత్యర్థులు, మిడ్‌లాండ్స్ ప్రత్యర్థులు అని రెండు కుప్పలు పోస్తే అసలు సంగతి తేలుతుంది.

మిడ్‌లాండ్స్ జట్లతో 12 మ్యాచ్‌లు: 11 గెలుపులు, ఒక డ్రా, గోల్స్ 49–6. లాంకషైర్ పొరుగు జట్లతో 10 మ్యాచ్‌లు: 7 గెలుపులు, 3 డ్రాలు, గోల్స్ 25–9. బయటి మైదానాల్లో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. రైల్లో దూరం పోయి మిడ్‌లాండ్స్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లనూ గెలిచారు, గోల్స్ 24–2. ఆ రెండూ డర్బీలో పడ్డవే. దగ్గర్లోని లాంకషైర్ ఊళ్లలో ఆడిన అయిదింటిలో గెలిచినవి రెండే, గోల్స్ 11–6. అక్రింగ్టన్, బర్న్‌లీ, బ్లాక్‌బర్న్ మూడూ ప్రెస్టన్‌కు తూర్పున వరసగా ఉన్న మిల్లుల ఊళ్లే. బయట వదులుకున్న పాయింట్లన్నీ అక్కడే పోయాయి.

ప్రయాణ బడలిక కారణమైతే లెక్క తిరగబడి ఉండాలి. మా దృష్టిలో కారణం పరిచయం. లాంకషైర్ క్లబ్బులు ప్రెస్టన్ దారిలోనే స్కాట్లండ్ ఆటగాళ్లను తెచ్చుకున్నాయి, పాస్‌ల ఆటను ఏళ్లుగా జిల్లా కప్పుల్లో, స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో ఎదురుగా చూశాయి. దానికి ఎక్కడ అడ్డు నిలబడాలో వాళ్లకు తెలుసు. మిడ్‌లాండ్స్‌లో వుల్వర్‌హాంప్టన్, వెస్ట్ బ్రామ్‌విచ్ వంటివి ఎక్కువగా సొంత ఊరి కుర్రాళ్ల మీద ఆధారపడ్డ జట్లు. పైగా పొరుగూరి మ్యాచ్ అంటే పంతం వేరు. 

పాయింట్ల ముడి

సీజన్ మొదలైనప్పుడు పట్టిక ఎలా వెయ్యాలో లీగ్ తేల్చలేదు. గెలుపులనే లెక్కపెడదాం, డ్రాకు ఏమీ వద్దు అన్న వాదన ఉంది. గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి అన్న వాదన ఉంది. నవంబర్‌లో గానీ రెండోది ఖాయం కాలేదు. నవంబర్ 17 నాటికే ప్రెస్టన్ 12 మ్యాచ్‌లు ఆడేసింది, 10 గెలిచి 2 డ్రా చేసింది. ఎలా లెక్కపెట్టినా వాళ్లే ముందున్నారు కాబట్టి ఈ తీర్మానంతో ప్రెస్టన్‌కు పనిలేదు. కింది జట్లకు అది జీవన్మరణ సమస్య, ఎందుకంటే చివరి నాలుగు జట్లూ మళ్లీ సభ్యత్వం కోసం మిగతా క్లబ్బుల ఓటు అడుక్కోవాలి.

అక్రింగ్టన్‌నే తీసుకోండి. 6 గెలుపులు, 8 డ్రాలు, 8 ఓటములు, మొత్తం 20 పాయింట్లు, ఏడో స్థానం. గెలుపులనే లెక్కపెట్టి ఉంటే? ఎవర్టన్‌కు 9, బర్న్‌లీకి 7, డర్బీకి 7. అక్రింగ్టన్ పదో స్థానానికి జారి, నాట్స్ కౌంటీ, స్టోక్‌లతో పాటు ఓట్లకోసం నిలబడేది. నాలుగోది ఎవరు? బర్న్‌లీ, డర్బీ సమానం. అలాంటప్పుడు అప్పటి పద్ధతి గోల్ సగటు: కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించాలి. బర్న్‌లీది 42/62, అంటే 0.677. డర్బీది 41/61, అంటే 0.672. ఇవాళ్టి పద్ధతిలో తీసివేస్తే ఇద్దరికీ మైనస్ 20, తేడా తేలదు. అంటే డ్రాకు ఒక పాయింటు అన్న ఆ తీర్మానం ఒక్కటే అక్రింగ్టన్‌ను ఒడ్డున పడేసి బర్న్‌లీని నీళ్లలోకి తోసింది. నిజంగా చివరి నాలుగు స్థానాల్లో నిలిచినవి బర్న్‌లీ, డర్బీ, నాట్స్ కౌంటీ, స్టోక్. ఆ ఏడు నలుగురినీ మళ్లీ ఎన్నుకున్నారు. స్టోక్ మరుసటి ఏడు చోటు పోగొట్టుకుంది, ఆ స్థానంలో సండర్‌లాండ్ వచ్చింది.

భాగహారంలో ఒక కిటుకు ఉంది: తక్కువ గోల్స్ ఇచ్చే జట్టుకు అది ఎక్కువ మేలు చేస్తుంది. ప్రెస్టన్ సగటు 74/15, అంటే 4.93. లీగ్ మొత్తం 132 మ్యాచ్‌ల్లో 586 గోల్స్, మ్యాచ్‌కు దాదాపు నాలుగున్నర పడుతున్న రోజుల్లో 22 మ్యాచ్‌లకు 15 మాత్రమే ఇవ్వడం, 74 కొట్టడం కన్నా పెద్ద విశేషం. దాంట్లో వెల్ష్ గోల్‌కీపర్ జిమ్మీ ట్రెయినర్, ఊరివాళ్లే అయిన ఫుల్‌బ్యాక్‌లు బాబ్ హోవర్త్, బాబ్ హోమ్స్‌ల వాటా పెద్దది. స్కాట్లండ్ ఫార్వర్డ్‌ల గురించి రాసినంతగా వీళ్ల గురించి ఎవరూ రాయలేదు.

కప్పులో ఆటతీరు వేరు. బూటిల్ మీద 3–0, గ్రిమ్స్‌బీ మీద 2–0, బర్మింగ్‌హామ్ సెయింట్ జార్జ్ మీద 2–0, షెఫీల్డ్‌లో జరిగిన సెమీస్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ మీద 1–0. మార్చి 30న లండన్ ఓవల్ క్రికెట్ మైదానంలో ఫైనల్. డ్యూహర్స్ట్, జిమ్మీ రాస్, థామ్సన్ గోల్స్‌తో వుల్వర్‌హాంప్టన్‌ను 3–0తో ఓడించారు. ఆ ఫైనల్లో గోల్‌కీపర్ రాబర్ట్ మిల్స్–రాబర్ట్స్ వైద్యుడు, జీతం తీసుకోని ఆటగాడు. లీగ్‌లో 22, కప్పులో 5, మొత్తం 27 మ్యాచ్‌లు, ఓటమి సున్నా. మిగతా శనివారాల స్నేహపూర్వక మ్యాచ్‌లు ఈ లెక్కలోకి రావు.

తర్వాత

జాన్ గుడాల్ 1889లోనే డర్బీ కౌంటీకి వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌లో ప్రెస్టన్ 4 మ్యాచ్‌లు ఓడినా 33 పాయింట్లతో మళ్లీ మొదటి స్థానంలో నిలిచింది. ఎవర్టన్‌కు 31. ఆపై వరసగా మూడేళ్లు రెండో స్థానం. ఆ క్లబ్బు అగ్రశ్రేణి లీగ్‌ను మళ్లీ ఇప్పటిదాకా గెలవలేదు. లీగ్ అన్ని క్లబ్బులకూ ఖాయమైన మ్యాచ్‌లు, ఖాయమైన గేటు ఇచ్చింది. దాంతో లివర్‌పూల్, బర్మింగ్‌హామ్, సండర్‌లాండ్ లాంటి పెద్ద ఊళ్ల క్లబ్బులు కూడా ప్రెస్టన్ ఇచ్చినంత జీతాలు ఇవ్వగలిగాయి. ప్రెస్టన్ ఊరు చిన్నది, గేటూ చిన్నదే. ముందుగా మేలుకున్నందువల్ల వచ్చిన ఆధిక్యం, అందరూ మేలుకున్నాక నిలవలేదు.

గేటు చాలనప్పుడు ఆ జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు కోర్టులో దొరికింది. 1893లో క్లబ్బు లిమిటెడ్ కంపెనీగా మారి, పగ్గాలు సడెల్ చేతుల్లోంచి జారాయి. 1895లో ఆయన తాను నడిపిన మిల్లు సొమ్ము 5,326 పౌండ్లు దారి మళ్లించాడని తేలింది. ఆ సొమ్ములో కొంత క్లబ్బు కోసమే ఖర్చయింది. మూడేళ్ల జైలు పడింది. బయటికొచ్చాక సడెల్ దక్షిణాఫ్రికా వెళ్లి, పత్రికలకు ఆటల వార్తలు రాస్తూ 1911లో కేప్‌టౌన్‌లో చనిపోయాడు.